తోలుబొమ్మా, ఆడించే చేయీ
(బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం విద్యార్థి)

వినాయక చవితికి ఊరికి పోయినప్పుడు మా నాయన శనక్కాయ చేన్లో ఒక ఆకు తుంచి నా చేతికిచ్చి, "అబ్బీ, సైన్సు చదువుతాండావు గదా, ఇది తిక్క మచ్చనా, ఇంకేమన్ననా?" అని అడిగాడు. నేను చెప్పలేకపోయాను. ఆకును మాత్రం పుస్తకంలో పెట్టుకొని హాస్టలుకు వచ్చాను.

కళ్ళకు అద్దాలు పెట్టుకొని చేన్లో నడుస్తుంటే, తెగులున్న మొక్క మీద ఎర్ర చుక్క కనిపిస్తే ఎట్లుంటుంది? నేలలోకి ఊడలు దిగి కాయ ఊరడం కూడా బొమ్మగా కనిపిస్తే? ఇట్లా ఎదుటనున్న నిజమైన వస్తువుపై, లేని బొమ్మను అతికినట్లు చూపే విద్యనే ఆగ్‌మెంటెడ్ రియాలిటీ అంటారు. మన జిల్లా బుక్కాపురంలో తండ్రిగారి మూలాలున్న సత్య నాదెళ్ల అధిపతిగా ఉన్న మైక్రోసాఫ్ట్ సంస్థ, 2019లో హోలోలెన్స్ 2 అనే ఇటువంటి పరికరాన్ని ప్రకటించింది. దాని బరువు 566 గ్రాములు. తల మీద అరకిలోకు పైన మోస్తే కలుపు తీసేదెవరు?

అద్దాలు తేలిక కావాలంటే బ్యాటరీ చిన్నదవ్వాలి. బ్యాటరీ చిన్నదైతే పెద్ద బొమ్మలు గీసే శక్తి ఉండదు, గీసినా వేడెక్కుతుంది. మన ఎండలకు ఆ వేడి తోడైతే ఇక చెప్పనక్కరలేదు. అందుచేత శాస్త్రజ్ఞులు గీసే పనిని దూరాన ఉన్న సర్వరు కంప్యూటర్లకు అప్పజెప్పి, గీసిన బొమ్మను వీడియోలాగా అద్దాలకు రప్పించే పద్ధతి పెట్టారు.

వినడానికి సులువే. నా మిత్రుని ల్యాప్‌టాప్‌లో శనక్కాయ బొమ్మ గీయించి, హాస్టల్ వైఫై మీదుగా నా ఫోను తెరపై బల్ల మీద నిలబెట్టి చూశాను. ఫోను తిప్పగానే కాయ కూడా ఫోనుతోపాటు పక్కకు కొట్టుకుపోయి, ఆనక వెనక్కి జారి తన చోటికి చేరేది. చూసినవారంతా నవ్వారు.

ఆ నవ్వులో లెక్క ఉంది. తల సెకనుకు 100 డిగ్రీల వేగంతో తిరుగుతున్నదనుకొనండి. బొమ్మ 50 మిల్లీసెకన్లు ఆలస్యమైతే 5 డిగ్రీల తేడా వస్తుంది. ఒక మీటరు దూరంలో అది దాదాపు 9 సెంటీమీటర్లు. శనక్కాయ సాలులో మొక్కకూ మొక్కకూ మధ్య ఎడం 10 సెంటీమీటర్లు! అనగా రోగమున్న మొక్క మీది ఎర్ర చుక్క పక్కనున్న మంచి మొక్క మీద పడుతుంది. ఈ ఆలస్యం 20 మిల్లీసెకన్లకు మించరాదని సాధారణంగా చెబుతారు.

సర్వరు దూరమే దీనికి కారణమని మొదట నేననుకున్నాను. కాదు. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అనంతపురం నుంచి హైదరాబాదు 360 కిలోమీటర్లనుకున్నా, పోయి రావడానికి 4 మిల్లీసెకన్లు చాలు. కాలమంతా తినేది బొమ్మను కుదించడం, టవరు దగ్గర వరుసలో నిలబడటం, మళ్ళీ విప్పడం. కుదించకుండా పంపుదామంటే మామూలు హెచ్.డి. బొమ్మలు సెకనుకు 60 చొప్పున దాదాపు 300 కోట్ల బిట్లవుతాయి.

దీనికి విరుగుడు తెలుసుకున్నప్పుడు నాకు నిమ్మలకుంట తోలుబొమ్మలు గుర్తుకొచ్చాయి. తోలు చెక్కి రంగులేయడం రోజుల తరబడి ఇంటి దగ్గర జరుగుతుంది. తెర వెనుక పాటకు తగ్గట్టు బొమ్మను కదిలించడం మాత్రం ఆటగాని చేతిలోనే ఉంటుంది. ఇక్కడా అంతే. సర్వరు బొమ్మను గీసి, ఏ తల భంగిమకు గీసిందో, బొమ్మలో ఏ భాగం ఎంత లోతులో ఉందో కూడా చెప్పి పంపుతుంది. అద్దాలు చివరి క్షణంలో తల ఎటు తిరిగిందో కొలుచుకొని, బొమ్మను ఆ మేరకు జరుపుతాయి. ఈ జరపడం చాలా తక్కువ పని. అయితే సర్వరు గీయని వైపు కనబడాల్సివస్తే అక్కడ ఖాళీ మిగులుతుంది, కాబట్టి అంచులు కాస్త వెడల్పుగా గీయిస్తారు.

ఇదంతా నాయనకు చెబితే ఆయన అడిగింది ఒకటే: "కరెంటు పోయి టవరు పడుకుంటే?" మా ఊర్లో అది వారానికి రెండుసార్లు జరిగే ముచ్చట. ఇంతేకాదు, హోలోలెన్స్ 2 తయారీ 2024లో ఆగింది. దానికి బొమ్మలు గీసిపెట్టిన అజూర్ రిమోట్ రెండరింగ్ సేవ 2025 సెప్టెంబరు 30న మూతపడింది. మిల్లు మూసేస్తే కాయలు ఇంట్లో పెట్టుకొని కూర్చున్న రైతు గతి మనకు కొత్త కాదు.

అందుకే నా మటుకు నేను పనిని ఇట్లా పంచుతాను. తల తిరుగుడు కొలవడం, బొమ్మ జరపడం, ఎర్ర చుక్క పెట్టడం అద్దాల్లోనే ఉండాలి. చుక్క గీయడానికి సర్వరెందుకు? ఊడల బొమ్మలాంటి బరువైనవి సర్వరుకు పోవచ్చు. సిగ్నలు లేనప్పుడు అవి కనబడకపోయినా చేను ఎండిపోదు. మచ్చను గుర్తుపట్టే పని ఎక్కడుండాలో మాత్రం నేనింకా తేల్చుకోలేదు.

పుస్తకంలోని ఆకును మా బాటనీ లెక్చరర్ గారికి చూపించాను. గోధుమ రంగు మచ్చ, చుట్టూ పసుపు వలయం. తిక్క మచ్చేనన్నారు. ఆ సాయంత్రమే నాయనకు ఫోను చేసి చెప్పాను.