వేట కుందేలు, కట్టిన గొఱ్ఱెపిల్ల

భీమిలి తీరానికి వెళ్లిన మన విచారణల కుటుంబాలవారు అక్కడి డచ్చివారి సమాధులను చూసే ఉంటారు. 1825లో ఆంగ్లేయుల వశమయ్యేదాకా ఆ రేవు వారిదే. వారి కంపెనీ 17వ శతాబ్దంలో మన తీరాన వర్తకం సాగిస్తున్న రోజులలోనే, వారి స్వదేశంలో ఒక వింత చిత్రకళ వర్ధిల్లింది. వేటలో చంపిన కుందేళ్లను, కౌజుపిట్టలను, హంసలను నూనె రంగులలో చిత్రించడమే ఆ కళ.

కదలని వస్తువుల బొమ్మలకు ఫ్రెంచివారు పెట్టిన పేరుకు ‘మృత ప్రకృతి’ అని అర్థం. ఈ బొమ్మలకు అంతకంటె తగిన పేరు లేదు.

ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన యాన్ వేనిక్స్ (మరణం 1719) ఇందులో సిద్ధహస్తుడు. వెనుక కాలు కట్టి వేలాడదీసిన కుందేలు ఒంటిమీద వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టవచ్చుననిపిస్తుంది. అవిసె నూనెలో కలిపిన రంగు నిదానంగా ఆరుతుంది. తడిగా ఉండగా ఒక వన్నెను మరొక వన్నెలో కలిపేయవచ్చు; ఆరాక దానిమీద పలుచని పొరలు వేయవచ్చు. చివరకు సన్నని కుంచెతో రోమాలు తీరిస్తే చేత్తో నిమరాలనిపించే మెత్తదనం వస్తుంది.

వీటిని కొన్నదెవరు? ఆనాడు అక్కడ వేట చాలావరకు కులీనుల హక్కు. వేటకు వెళ్లే హక్కు లేని ధనిక వర్తకుడు వేట బొమ్మను గోడకు తగిలించుకునేవాడు. మనవాళ్లు ఎవరిదో కారు పక్కన నిలబడి ఫోటో తీయించుకోరూ, అలాగన్నమాట! ఇక మన కంబాలకొండలో కుందేలును వేటాడడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

చచ్చిన ప్రాణి బొమ్మ చూసి ఆనందించడం తగునా అని మీరు అడగవచ్చు. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో ఈ సంగతి ఎత్తాడు. ఎదుట పడితే చూడలేని శవాన్ని సైతం బొమ్మలో ఇష్టంగా చూస్తాము. పోలికను గుర్తుపట్టడంలో మనసుకు ఒక జ్ఞానం కలుగుతుంది గనుక, అంటాడు. నిజమే, కాని అది సగం జవాబు. వేనిక్స్ చిత్రంలో మరణం కూడా ఇంటి సామానులో ఒకటైపోయింది. పారిస్‌లో 1728లో అకాడమీ సభ్యుడైన షార్డాఁ వేసిన కుందేలు అలా ఉండదు. వెనుక ఉత్త గోడ, ఆడంబరమేమీ లేదు. చూస్తే జాలి కలుగుతుంది.

మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో స్పెయిన్ చిత్రకారుడు సుర్బరాన్ 1635-40 ప్రాంతంలో వేసిన మరో చిత్రముంది. అది వేట మృగం కాదు. బూడిదరంగు బల్లమీద నాలుగు కాళ్లూ కలిపి కట్టిన గొఱ్ఱెపిల్ల. ఇంకా ప్రాణంతోనే ఉంది. ఉన్ని ముంగురులు వేనిక్స్ కుందేలు రోమాలకు తీసిపోవు. తలచుట్టూ కాంతివలయమైనా లేదు. ‘దేవుని గొఱ్ఱెపిల్ల’ అని దాని పేరు. పూజలో సత్ప్రసాదానికి ముందు మనము మూడుసార్లు పలికే మాటే. ఆదివారం పూజ ముగిశాక మాంసం కొట్టు దగ్గర వరుసలో నిలబడేవారు ఆ కాళ్లకు వేసిన ముడిని చూడగానే గుర్తుపడతారు.