మంచుని గీయకుండా గీయడం

ఒక తెల్ల కాగితం, కాస్త నల్ల సిరా ఇచ్చి మంచు కప్పేసిన కొండని గీయమంటే ఏం చేస్తారు? నేనైతే కొండ అంచు గీసి, లోపల ఖాళీ వదిలేసి, అయిపోయింది అనేదాన్ని. పాత చైనా చిత్రకారులు వదిలిందీ ఆ ఖాళీనే. కానీ అసలు పనంతా దాని చుట్టూ చేశారు.

వాళ్ల పద్ధతిలో బ్రష్ మంచుని ముట్టుకోదు. ఆకాశానికీ నీళ్లకీ పల్చటి బూడిదరంగు సిరా పూస్తారు. కొండ పగుళ్లలో, రాళ్ల కిందివైపు ముదురు సిరా పడుతుంది. కొండ నెత్తి మీద, కొమ్మల పైభాగంలో ఏమీ పడదు. చుట్టుపక్కలంతా నల్లబడేకొద్దీ ఆ వదిలేసిన చోటు దానంతటదే మంచు అయిపోతుంది. నేల కంటే ఆకాశం ముదురుగా ఉండటం మొదట వింతగా అనిపిస్తుంది గానీ, మబ్బుపట్టి మంచు పడిన రోజున నిజంగా అలాగే ఉంటుంది.

కష్టం ఎక్కడంటే, పట్టుగుడ్డ మీద సిరా పడ్డాక చెరపలేం. కంట్రోల్ జెడ్ లేదు. మంచు ఎక్కడుండాలో మొదటి గీతకి ముందే తేల్చుకోవాలి. పూత కూడా పల్చగా వేసి, ఆరనిచ్చి, మళ్లీ వేస్తూ పోవాలి.

మన తెలుగులో ఇంకో తమాషా ఉంది. పొద్దున్నే రోడ్డు మీద కమ్మేసేదీ మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. ఆ చిత్రాల్లో కూడా రెండూ వదిలేసిన ఖాళీలే! తేడా అంతా అంచులో ఉంది. ఖాళీ అంచు తెగినట్టు స్పష్టంగా ఉంటే కొండ మీది మంచు. సిరా నీళ్లలో కలిసి మెల్లగా మాయమైతే పొగమంచు.

థియాన్‌జిన్ మ్యూజియంలో ఫాన్ క్వాన్ పేరు మీద ఒక పెద్ద మంచుకొండల చిత్రం ఉంది. ఆయన సోంగ్ రాజుల తొలినాళ్ల వాడు. ఇన్ని వందల ఏళ్లలో పట్టు టీ రంగుకి తిరిగింది. దాని ఫోటో తెరిచి మంచు మీద కలర్ పికర్ పెడితే తెలుపు రాదు, బ్రౌన్ వస్తుంది. అయినా కన్ను దాన్ని మంచు అనే చదువుతుంది. మంచుని తెల్లగా చూపిస్తున్నది పక్కనున్న సిరా మరి.

అలాగని తెల్లరంగు అసలు వాడలేదని కాదు. 10వ శతాబ్దంలో జావో గాన్ అనే ఆయన నది ఒడ్డున తొలి మంచు పడటాన్ని దాదాపు మూడుంముప్పావు మీటర్ల పొడవైన చుట్ట మీద గీశాడు. అది ఇప్పుడు తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. పడుతున్న మంచు కోసం తెల్ల పొడి రంగుని చుక్కలు చుక్కలుగా చిమ్మాడు. నాకు ఇదే ఎక్కువ నచ్చింది, మనుషుల వల్ల. మంచు చిత్రాలంటే కొండలు, నిశ్శబ్దం, ధ్యానం అనుకుంటాం కదా. ఇందులో చలి ఉంది. జాలర్లు ఆ వాతావరణంలోనే వలలు వేస్తుంటారు, ఒడ్డున గాడిదల మీద వెళ్లేవాళ్లు ముడుచుకుపోయి ఉంటారు. మంచు అందంగా ఉందా లేదా అని చూసే తీరిక అక్కడ ఎవరికీ లేదు.

ఈ చుట్టని కుడి నుంచి ఎడమకి, కొంచెం కొంచెంగా విప్పుతూ చూడాలి. మొదట్లోనే చిత్రం పేరు, గీసినవాడి పేరు రాసి ఉంటాయి. జావో గాన్ పేరుకి ముందు అక్కడున్న హోదా: చిత్రకళాశాల విద్యార్థి.