దీవుల్లో హరిత గృహం: నికోబారీ గుడిసె నుంచి సూర్యఘర్ దాకా

అండమాన్ నికోబార్ దీవులకు జాతీయ విద్యుత్ గ్రిడ్‌తో అనుసంధానం లేదు. కావాల్సిన కరెంటును దీవుల్లోనే పుట్టించుకోవాలి. అందులో సింహభాగం ఓడల్లో వచ్చే డీజిల్‌తోనే తయారవుతోంది. ఇంట్లో ఆదా చేసిన ప్రతి యూనిటూ ఆ డీజిల్‌ను కొంత మిగులుస్తుంది.

ఇక్కడిది వేడి, తేమ కలిసిన వాతావరణం. గదులను వెచ్చబెట్టే పనే ఉండదు. స్నానానికి వేడినీళ్లు కావాలంటే సోలార్ హీటర్ చాలు. అసలు సవాలు ఇంట్లో గాలి ఆడటం. కార్ నికోబార్‌లో నికోబారీలు దీన్ని ఎప్పుడో సాధించారు. గుండ్రటి గుడిసెను గుంజలపై ఎత్తుగా నిలిపి, పైన మందంగా గడ్డి కప్పి, నిచ్చెనతో ఎక్కేలా కట్టారు. నేల కింది నుంచీ గాలి వీస్తుంది, గడ్డి ఎండను ఆపుతుంది. ఇంత తెలివైన నిర్మాణం ఏ పాఠ్యపుస్తకంలోనైనా చోటు పొందాల్సిందే.

ఇదే సూత్రం 2018లో ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) తెచ్చిన ఇళ్ల ఇంధన నియమావళి ‘ఎకో నివాస్ సంహిత’లోనూ కనిపిస్తుంది. దాని ప్రకారం, ఇలాంటి వాతావరణంలో పైకప్పు మినహా ఇంటి గోడలు, కిటికీల గుండా లోపలికొచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదు.

ఇక దీవుల పునరుత్పాదక విద్యుత్తులో ఉత్తర అండమాన్‌లోని కల్‌పాంగ్ జలవిద్యుత్ కేంద్రం (5.25 మెగావాట్లు), గరాచర్మలో ఎన్‌టీపీసీ సౌరకేంద్రం (5 మెగావాట్లు), బ్యాటరీ నిల్వతో కూడిన ఎన్‌ఎల్‌సీ 20 మెగావాట్ల సౌర ప్రాజెక్టు ముఖ్యమైనవి.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల ఇంటి సౌరఫలకాలకు సాధారణ రాయితీ రూ.78,000. అండమాన్‌కు 10 శాతం అదనం, అంటే రూ.85,800.