రెండు పుస్తకాలు

పెనుగొండ

చిరంజీవి అమ్మాయికి,

ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉంటున్నప్పటినుంచి బొమ్మలేసుకుంటుంటే మనసు తేలికపడుతోందనీ, అందుకే దీన్నే వృత్తిగా పెట్టుకుందామనుకుంటున్నాననీ రాశావు. మనసు తేలికపడినందుకు సంతోషం. వృత్తి ఆలోచనకీ నేను అడ్డురాను. నా పేచీ అల్లా మధ్యలో వేసిన ఆ "అందుకే"తోనే. బొమ్మ నిన్ను కుదుటపరచడం వేరు, బొమ్మ నీకు కూడు పెట్టడం వేరు. ఒకదానికి కావలసిన గుణం రెండోదానికి అడ్డొస్తుంది. అందుకని రెంటికీ వేర్వేరు పుస్తకాలు పెట్టుకోమంటాను.

కుదుటపడటం సంగతి ముందు చూద్దాం. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 39 మంది పెద్దవాళ్ళకి రంగుపెన్నులూ మట్టీ కత్తిరించి అతికించుకునే కాగితాలూ ఇచ్చి, ముప్పావుగంట సేపు ఏం చేసుకుంటారో చేసుకోండన్నారు. ముందూ తర్వాతా ఉమ్మి పరీక్ష చేస్తే, దాదాపు ముప్పాతిక మందిలో కార్టిసాల్ తగ్గింది. ఒత్తిడిలో ఉన్నప్పుడు ఒంట్లో పెరిగే హార్మోన్ అది. చిన్న పరీక్షే, అందరూ ఆరోగ్యవంతులే, పోల్చి చూడటానికి వేరే గుంపు కూడా లేదు, కాబట్టి దీన్నే వేదం అనుకోనక్కర్లేదు. నాకు పట్టింది ఇంకో విషయం: అంతకుముందు బొమ్మలు వేసిన అనుభవం ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ పెద్ద తేడా కనపడలేదు. అంటే ఉపశమనానికి నేర్పుతో పనిలేదు. గీత వంకరపోయినా ఫలితం దక్కుతుంది. ఎవరూ చూడరు, ఎవరూ కొనరు అన్న నిశ్చింత ఉన్నచోటే అది బాగా దక్కుతుందని నా నమ్మకం. నీ మొదటి పుస్తకం అలాంటిది. అందులో పేజీ చింపి ఫోన్లో ఫోటో పెట్టిన రోజున, ఎంతమంది మెచ్చుకున్నారో లెక్క చూసుకోవడం మొదలవుతుంది. మందు కాస్తా పరీక్ష పేపరైపోతుంది.

బొమ్మలే వైద్యం అనుకుని డాక్టరుని మానెయ్యకు. చిత్రకళతో చికిత్స అన్నమాటని 1942లో వాడుకలోకి తెచ్చిన ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు క్షయతో శానిటోరియంలో ఉండి బొమ్మలేశాడు. శానిటోరియం వదిలి వచ్చి కాదు. వాన్‌గో సెయింట్ రెమీ మానసిక చికిత్సాలయంలో ఏడాదిపాటు ఉండి నూటయాభై దాకా చిత్రాలు వేశాడు. అక్కణ్ణించి వచ్చిన కొద్ది నెలలకే, 1890 జూలైలో పోయాడు. రంగులు ఆయన్ని నిలబెట్టినంత కాలం నిలబెట్టాయి, అంతే. రాత్రిళ్ళు నిద్ర పట్టకుండా ఆలోచనలు తిరిగితే 14416 అని ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరుంది, తెలుగులోనే మాట్లాడతారు. మొహమాటపడకు.

ఇక రెండో పుస్తకం. ఇక్కడ నేర్పే సమస్తం. మన రాజమండ్రి దామెర్ల రామారావునే తీసుకో. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఓస్వాల్డ్ కూల్డ్రే దొర అతని చేతిలో ఉన్నది కనిపెట్టి, అది ఉంటే చాలని ఊరుకోలేదు, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకి పంపాడు. అక్కడ మనిషి ఒంటి కొలతల దగ్గర్నుంచీ అన్నీ నేర్చుకుని వచ్చాకే గోదావరి ఒడ్డూ మన ఆడవాళ్ళ నడకా అతని కుంచెకి లొంగాయి. వచ్చి ఇంకా కొందరికి నేర్పడానికి బడి పెట్టాడు. 1925లో మశూచితో పోయేనాటికి ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. ఆ బడిని స్నేహితుడు వరదా వెంకటరత్నం నడిపాడు. పనితనం అనేది ఒకరి దగ్గర నేర్చి ఇంకొకరికి అందించేది కాబట్టే మనిషి పోయినా అది మిగిలింది.

జీవనం మాటకొస్తే, మన డెల్టాలో చిత్రకారులెవరూ ఒక్క గోడబొమ్మ నమ్ముకుని బతికినట్టు కనపడదు. అడివి బాపిరాజు భీమవరంలో ప్లీడరీ చేశాడు, బందరు జాతీయ కళాశాలకి ప్రిన్సిపాలయ్యాడు, నవలలు రాశాడు, పత్రిక నడిపాడు. నరసాపురంలో పుట్టిన బాపు లా పట్టా పుచ్చుకుని ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేశాడు. ఆ తర్వాత పుస్తకాల అట్టలు, ప్రకటనలు, ఆపైన సినిమాలు. గడువులోగా ఇంకొకరు చెప్పిన కథకి బొమ్మ వెయ్యడం చిన్నతనమని ఆయన అనుకోలేదు. అనుకుని ఉంటే మనకి బాపు గీత ఉండేది కాదు.

"అలా విడదీస్తే అమ్మే బొమ్మలో ప్రాణం ఉండదు కదా, బాధలోంచి పుట్టిందే కదా గొప్ప కళ" అంటావు. ఫ్రీడా కాలో పేరు కూడా ఎత్తుతావు, తెలుసు. 1925లో బస్సు ప్రమాదంలో వెన్ను విరిగి, మంచంమీదే కుంచె పట్టింది. తన గాయాన్నే బొమ్మ చేసింది, కాదనను. కానీ ఆవిడ మొదటి సొంత ప్రదర్శన న్యూయార్కులో జరిగింది 1938లో. నడుమ పదమూడేళ్ళు. గాయం రెండో పుస్తకంలోకి రాకూడదని నేననడం లేదు. చెయ్యి తిరిగాక, దాన్ని నువ్వు ఏడవకుండా చూడగలిగాక రావాలంటున్నాను. పచ్చిగా ఉండగానే అమ్మకానికి పెడితే, కొనేవాడు మళ్ళీ అలాంటిదే కావాలంటాడు. అప్పుడు గాయం మానడం నీకే నష్టమౌతుంది. ఇంతకన్నా దారుణమైన బేరం ఉంటుందా?

బేరం అంటే గుర్తొచ్చింది, నరసాపురం లేసు సంగతి మర్చిపోకు. మేరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో ఆ అల్లికల మీద ఒక పుస్తకమే రాసింది. లేసు విదేశాలకెళ్ళింది, లాభం ఎగుమతిదారులకెళ్ళింది. అల్లినవాళ్ళది మాత్రం గృహిణులు తీరిక వేళ చేసుకునే పనిగా లెక్కకొచ్చింది. "నాకు హాయిగా ఉంటుంది, అందుకే వేస్తాను" అని నువ్వు ఎవరి దగ్గర అన్నా, నీకిచ్చే కూలి అక్కడే సగం తెగుతుంది. రెండో పుస్తకంలో ప్రతి బొమ్మ వెనకా పట్టిన గంటలూ, రంగుల ఖర్చూ రాసి పెట్టుకో. ధర అక్కణ్ణుంచి మొదలెట్టు.

డ్రాయింగ్ లోయర్, ఆ తర్వాత హయ్యర్ పరీక్షలకి కూర్చో. పాతకాలపు పరీక్షలని నవ్వేవాళ్ళున్నారు. నవ్వనీ. వాటివల్ల చెయ్యి క్రమంలో పడుతుంది, రేపు బళ్ళో పిల్లలకి నేర్పాలన్నా పనికొస్తాయి. ఈలోగా ఒకరోజు రాజమండ్రి వెళ్ళి దామెర్ల ఆర్ట్ గ్యాలరీలో కూర్చుని, ఆయన వేసిన మనుషుల చేతులు మాత్రమే పెన్సిలుతో దించుకుని రా. మొహాలు తర్వాత.

ఇట్లు,
మావయ్య