పేరు కోల్పోయిన చెట్టు

అర్కాన్సాస్ రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో ఒకరి స్థలంలోని చెట్టును మరొకరు అనుమతి లేకుండా నరికితే, దాని విలువకు మూడు రెట్ల సొమ్ము యజమానికి చెల్లించవలసి రావచ్చును. అది ఆ రాష్ట్ర చట్టం. అక్కడ మోడు మిగిలి ఉంటుంది, అడిగే యజమాని ఉంటాడు. కాని దుంగలుగా కోసి సముద్రాలు దాటించిన కలప ఏ చెట్టుదో తేలనిదే ఏ చట్టమూ దానిని రక్షించజాలదు. తెలుగువారికి ఈ చిక్కు ఎర్రచందనం రూపంలో సుపరిచితమే.

టెరోకార్పస్ శాంటలైనస్ అనే శాస్త్రనామం గల ఈ వృక్షానికి శేషాచలం, వెలికొండ, పాలకొండ, లంకమల కొండలు పుట్టినిళ్లు. రాతినేలలో నెమ్మదిగా పెరుగుతుంది. చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. ఆ చేవ నీటిలో మునిగేటంత బరువు. (పేరులో చందనం ఉన్నా శ్రీగంధానికీ దీనికీ చుట్టరికం లేదు.) అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం 1995లో దీనిని తన రెండవ అనుబంధంలో చేర్చింది. అంటే ఎగుమతికి అనుమతిపత్రం తప్పనిసరి. దొంగరవాణా మాత్రం ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పులకు తమిళనాడుకు చెందిన 20 మంది బలి అయ్యారు. మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్ తన అటవీ చట్టంలోని శిక్షలను మరింత కఠినం చేసింది. అయినా శిక్ష గొడ్డలి పట్టిన కూలిని చేరినంత సులభంగా సరుకు కొన్న ధనికుని చేరదు.

ఈ లోపాన్ని కొంతవరకు పూరించేది అమెరికాలోని లేసీ చట్టం. 1900లో వన్యజీవుల కోసం పుట్టిన ఈ చట్టాన్ని 2008లో వృక్షాలకు విస్తరించారు. పరదేశపు చట్టాన్ని ఉల్లంఘించి నరికిన కలపను అమెరికాలో కొన్నా, అమ్మినా నేరమే. అనేక రకాల కలప సరుకును దిగుమతి చేసుకునే వ్యాపారి చెట్టు శాస్త్రనామాన్నీ, అది పెరిగిన దేశాన్నీ ప్రకటించాలి.

వ్యాపారి అబద్ధమాడితే? ఇక్కడ రసాయనశాస్త్రం సాక్ష్యం చెబుతుంది. ఎర్రచందనపు రంగుకు ప్రధాన కారణం శాంటాలిన్‌లు అనే పదార్థాలు. ఇవి నీటిలో దాదాపు కరగవు, ఆల్కహాలులో కరుగుతాయి. కనుక చెక్కపొడి నీటికి ఎరుపునిస్తే అనుమానించవలసిందే. (కొలువులోని అమ్మమ్మగారి బొమ్మపై ఈ ప్రయోగం చేయకుండుట క్షేమం!) అయితే ఆల్కహాలు ఎర్రబడినంత మాత్రాన రుజువైనట్లు కాదు; ఆఫ్రికాలోని దీని దాయాదుల చేవలోనూ శాంటాలిన్‌లు ఉన్నాయి. సూక్ష్మదర్శిని కూడా సాధారణంగా ప్రజాతి వరకే చెప్పగలదు. అందుచేత ఓరెగాన్ రాష్ట్రం ఆష్‌లాండ్‌లోని వన్యజీవి నేరపరిశోధనశాల వంటి చోట్ల చిన్న పేడును వేడి వాయుప్రవాహంలో ఉంచి, వెలువడే అణువుల ద్రవ్యరాశులను కొలుస్తారు. ఏ ఒక్క అణువో కాదు, ఆ అణువులన్నింటి పొందికే జాతికి వేలిముద్ర వంటిది.

ఆ వేలిముద్ర జాతిని చెబుతుంది గాని, చెట్టును కొండపై దొంగచాటుగా నరికారా, రైతు తన పొలంలో పెంచాడా అన్నది చెప్పదు. భారతదేశపు ఎర్రచందనం వ్యాపారంపై 2004 నుండి సైటీస్ జరుపుతూ వచ్చిన ప్రత్యేక సమీక్ష 2023 నవంబరులో ముగిసింది. ఇది రైతులకు ఊరటే. అయినా తాను నాటిన చెట్టును నరకడానికీ, తరలించడానికీ రైతు అటవీశాఖ అనుమతి పొందవలసినదే.