తెలుగు పేర్లకు ‘ఆక్’ లెక్క ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: మా సంఘం చందాల పట్టీని ఉబుంటులో ఆక్ (awk) స్క్రిప్టుతో తీస్తున్నాను. ఇంగ్లిషు పేర్లకు వరుస తిన్నగా వస్తోంది, తెలుగు పేర్లకు చెదిరిపోతోంది. పేరును కుదిస్తే చివర పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, న్యూ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్

జవాబు: మీ స్క్రిప్టులో తప్పులేదండీ. ఉబుంటులో మామూలుగా ఆక్ పేరుతో నడిచేది ‘మాక్’ (mawk) అనే రకం. అది అక్షరాలను కాదు, బైట్లను లెక్కిస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. ‘లక్ష్మి’ మన కంటికి రెండక్షరాలే. లోపల మాత్రం హల్లులు, పొల్లులు, గుడి కలిపి 7 గుర్తులు, అంటే 21 బైట్లు. కుదించేటప్పుడు గుర్తు మధ్యలో కోత పడితే పిచ్చి గుర్తులే మిగులుతాయి.

బైట్లకు బదులు గుర్తులను లెక్కించే మరో రకం ‘గాక్’ (gawk) ఇన్‌స్టాల్ చేసి, లొకేల్ యూటీఎఫ్-8లో ఉందో లేదో చూసుకోండి. పిచ్చి గుర్తులు పోతాయి. వరుస మాత్రం పూర్తిగా కుదరదు, ఎందుకంటే ‘లక్ష్మి’ని గాక్ రెండుగా కాక 7గా లెక్కిస్తుంది. అందుకే ఖాళీలతో సర్దడం మానేసి, పేరుకూ చందాకూ మధ్య ట్యాబ్ పెట్టి, ఫైలును లిబ్రేఆఫీస్ క్యాల్క్‌లో తెరవండి.

1977లో పుట్టిన అసలు ఆక్‌కు యూటీఎఫ్-8 తోడ్పాటును దాని సృష్టికర్తల్లో ఒకరైన బ్రయన్ కెర్నిగన్ 2022లో, ఎనభయ్యో ఏట, స్వయంగా చేర్చారు. పనిముట్లు మన లిపి దారికి వస్తున్నాయి. దయచేసి పేర్లను ఇంగ్లిషులోకి మార్చకండి.