నడుం నొప్పి, నిద్రలేని రాత్రులు: సేవ చేసేవాళ్ల సందేహాలు

ప్రొద్దుటూరులో చిన్న వృద్ధాశ్రమం నడుపుతున్నాను. మంచం పట్టినవాళ్లు ఆరుగురున్నారు. రాత్రికి ఒక ఆయాను పెట్టాం. జీతం పెంచినా ఎవరూ మూణ్ణాలుగు నెలలకు మించి నిలవడం లేదు. ఈ కాలం వాళ్లకు ఓపిక లేదనుకోవాలా?

అలా అనుకోవద్దండీ. ముందు ఆ ఆయా రాత్రి ఎంత పని చేస్తుందో లెక్క వేయండి. కదల్లేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు మీద, పిరుదుల దగ్గర పుండ్లు పడతాయి. ఆరుగురిని, రాత్రి పది నుంచి పొద్దున ఆరు లోపల నాలుగు విడతలు. అంటే ఇరవై నాలుగు సార్లు ఆమె ఒక్కతే వంగి ఒక మనిషి బరువు లాగాలి. మధ్యలో తడిసిన పక్కబట్టలు మార్చాలి. ఆమె వెళ్లిపోతున్నది నడుం పడిపోయి.

రాత్రికి రెండో మనిషిని పెట్టండి. ఖర్చే, కానీ తప్పదు. తర్వాత పని పద్ధతి మార్చండి. మందపాటి దుప్పటిని మడిచి పెద్దాయన భుజాల నుంచి తొడల దాకా కింద పరిచి ఉంచాలి. ఇద్దరూ చెరో పక్క నిలబడి, దుప్పటి అంచులను ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకుని, మోకాళ్లు కొంచెం వంచి, ఒకేసారి జరపాలి. చంకల్లో చేతులు వేసి లాగితే ఆయన భుజానికీ దెబ్బే, ఆయా నడుముకూ దెబ్బే. అసలు లేవలేనివాళ్ల మంచం కోళ్ల కింద గట్టి దిమ్మెలు పెట్టి ఎత్తు పెంచితే వంగే బాధ తగ్గుతుంది. పక్కలకు కమ్మీలు ఉంటేనే ఈ పని చేయండి. లేచి నడిచేవాళ్లకు మాత్రం మంచం కిందికే ఉండాలి.

ఇంకొకటి చాలామందికి తట్టదు. ఆర్నెల్లు స్నానం చేయించి, ముద్దలు కలిపి పెట్టిన అవ్వ పోతే ఆయాకూ దుఃఖం ఉంటుంది. ఆ సాయంత్రమే ఆ మంచం కడిగి కొత్తవాళ్లను పడుకోబెట్టమని ఆమెకే చెప్పకండి. చివరిచూపుకు వెళ్లనివ్వండి, మర్నాడు సెలవివ్వండి.

పనిచోట ఎడతెగని ఒత్తిడిని సరిచేయకుండా వదిలేస్తే మనిషి అలసి చల్లబడిపోతాడని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణలో రాసుకుంది. దాన్ని జబ్బుగా కాదు, పనికి సంబంధించిన పరిస్థితిగా చూపింది. మార్చాల్సింది డ్యూటీ చార్టు.

జమ్మలమడుగు దగ్గర పల్లెలో ఆశా కార్యకర్తను. ఊరందరి బీపీ చూస్తాను, నాది ఎప్పుడు చూసుకున్నానో గుర్తులేదు. నిద్ర పట్టదు. ఊరికే ఏడుపొస్తోంది మేడమ్.

ఈ వారమే బీపీతో పాటు రక్తం, షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించుకో అమ్మా. రక్తహీనతా థైరాయిడ్ లోపమూ కూడా మనిషిని ఇలాగే కుంగదీస్తాయి. ఏడుపు రెండు వారాలకు మించి ఉంటే మానసిక వైద్యులను కలువు. టెలీ మానస్ 14416కు రాత్రయినా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆగకుండా ఇంట్లోవాళ్లకు చెప్పి ఆస్పత్రికి వెళ్లు.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశాలకు పురస్కారం ఇచ్చింది. నాకు సంతోషమే. అంతకన్నా, 2025 మార్చిలో మన రాష్ట్ర ప్రభుత్వం ఆశాలకు ప్రకటించిన 180 రోజుల ప్రసూతి సెలవు, గ్రాట్యుటీ విలువైనవంటాను. శాలువా కప్పితే నిద్ర పట్టదు కదా.

మాది పులివెందుల. అమ్మ కువైట్‌లో ఒక ముసలామెను చూసుకుంటోంది. వారం సెలవు లేదు, రాత్రీ పగలూ పనే, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది. ఏం చేయాలి?

మన కడప జిల్లా నుంచి ఎందరో తల్లులు ఇలా వెళ్లినవాళ్లే. కువైట్‌లో ఇంటిపనివాళ్లకు 2015 నాటి 68వ నంబరు చట్టం ఉంది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. వారానికో రోజు సెలవు, ఏడాదికోసారి జీతంతో సెలవు ఆమె హక్కు. ఆమె ఒప్పుకోకుండా పాస్‌పోర్టు పెట్టుకోకూడదు. ఒప్పంద పత్రం, వీసా, సివిల్ ఐడీల ఫొటోలు ఇప్పుడే తెప్పించి మీ దగ్గర ఉంచుకోండి. జీతం పడిన తేదీలు రాసిపెట్టుకోండి. కోపంతో ఇల్లు వదిలి వచ్చేయమని మాత్రం చెప్పకండి, యజమాని పరారీ కేసు పెడితే ఆమెకే చిక్కు. ముందు భారత రాయబార కార్యాలయానికి ఫోన్ చేయించండి. కొడుతున్నా, తిండి పెట్టకపోయినా ఆలోచించకుండా నేరుగా అక్కడికే వెళ్లమనండి.